ఏరు గంట ఆలస్యంగా పొంగింది

నాకు ఈత రాదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. కొండ ఏళ్ళలో దిగి చేపలు పట్టేవాడికి ఈత రాదంటే ఎవరూ నమ్మరు. మాది కృష్ణా కాలవల మధ్య ఊరు. నాకు ఆరేళ్ళప్పుడు మా పిన్ని కొడుకు కాలవలో పోయాడు. ఆ తరవాత మా అమ్మ మమ్మల్ని మోకాళ్ళు దాటి నీళ్ళలోకి దిగనివ్వలేదు. ఇప్పుడు యాభై ఒక్కేళ్ళు. ఇప్పటికీ నీళ్ళు మోకాలు దాటగానే భయం వేస్తుంది. వేసినప్పుడల్లా నేను లెక్కపెడతాను. అడుగులో, సెకన్లో, ఏవో ఒకటి. లెక్క నడుస్తున్నంతసేపు భయం పక్కన కూర్చుని ఉంటుంది, మీద పడదు.

లెక్కలు నేను ఎక్కడా చదువుకోలేదు. నాది బి.ఏ. నా భార్యకు బ్యోబ్లింగెన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే ఆమె బ్లూ కార్డ్ వీసా వెనక నేనూ వచ్చాను. రెండో ఏడు కారు విడిభాగాల గోదాములో పని దొరికింది. ఏ అరలో ఏ భాగం ఎన్ని రోజుల్లో అయిపోతుందో ముందే చెప్పాలి. మిగతావాళ్ళు కంప్యూటర్ చెప్పింది వింటారు. నేను కాగితం మీద కూడా వేసి చూసుకుంటాను. అలా వేసీ వేసీ అలవాటైంది. మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో ఏటా మార్చిలో, అక్టోబరులో ఒక మెసేజ్ పెట్టేది నేనే: గడియారం మార్చుకోండి, ఇండియాకి ఇక తేడా మూడున్నర గంటలు, లేదా నాలుగున్నర గంటలు అని. ఈ వివరం గుర్తుంచుకోండి. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చేపల పిచ్చి పట్టించింది మా కింది ఇంటి పెద్దాయన. వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయే ముందు తన ఫ్లై రాడ్ అనే సన్నటి గాలపు కర్ర, ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగల పెట్టె నాకిచ్చి, రెండు వేసవులు వెంట తిప్పుకుని నేర్పాడు. ఈ దేశంలో గాలం వేయాలంటే పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకోవాలి. అరవై ప్రశ్నలు. నాకు యాభై తొమ్మిది సరిగ్గా వచ్చాయి. తప్పయిన ఒక్కటీ ఏదో కూడా గుర్తుంది.

ఇందులో ఎర ఉండదు. దారం బరువుతోనే ఈగను విసరాలి. వెనక్కి కొట్టి "ఒకటి" అనుకోవాలి, వెనక దారం చాపుకునేదాకా ఆగాలి, అప్పుడు ముందుకి "రెండు". ఆగకపోతే దారం చెట్టుకో చెవికో తగులుకుంటుంది. కొండ ఏటిలో పెరిగిన ట్రౌట్ చేప జానెడుంటుంది, మహా అయితే జానెడున్నర. ఒంటి మీద ఎర్రటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి అంచు. పైకొచ్చి ఈగను తిని, మళ్ళీ రాయి కిందికి పోతుంది. ఒక చేప నలభై సెకన్లకోసారి లేస్తుందనుకోండి, ముప్ఫై అయిదో సెకనుకి నా ఈగ దాని నెత్తి మీద ఉండాలి. నాలాంటివాడికి ఇంతకన్నా ఏం కావాలి.

బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో నేను వెళ్ళే ఏరు ఒకటే. పేరు చెప్పను. లోయ ఇరుకు, రెండు వైపులా సూదుల్లాంటి ఆకుల ఫిర్ చెట్లు, కింద ఫోన్‌కి ఏ నెట్‌వర్కూ అందదు. భయం కోసం నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. నీటి అంచున ఒక రాయి పెట్టి పావుగంటకోసారి చూడాలి. రాయి తడిస్తే బయటికి. దాటే ముందు నీళ్ళలో ఆకు వేసి ఒడ్డున దాని పక్కనే నడవాలి. ఆకు నన్ను దాటిపోయి, నీళ్ళు మోకాలి పైన ఉంటే, ఆ చోట దాటకూడదు. సంచిలో ఒక విజిల్, పది మీటర్ల తాడు. ఇవి ఏ పుస్తకంలోవీ కావు, నేను అనుకున్నవి.

వీటన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. నేను గాలం వేసే చోటికి ఎగువన దాదాపు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో నీటి మట్టం కొలిచే స్తంభం ఉంది. అది పావుగంటకోసారి పంపే అంకె ఇంటర్నెట్‌లో గీతగా కనిపిస్తుంది. అక్కడ మట్టం లేచిన ఎంతసేపటికి నేను చేపలు పట్టే చోట లేస్తుంది? రెండేళ్ళపాటు మార్చి నెలలో, మంచు కరిగే మధ్యాహ్నాల్లో, ఆ గీతనీ నా రాయినీ పోల్చి రాసుకున్నాను. పదకొండు సార్లు. అన్నిటికన్నా తక్కువ గంటా ముప్ఫై నాలుగు నిమిషాలు, ఎక్కువ గంటా నలభై ఏడు. సగటు గంటా నలభై. ఇంకో సంగతి కూడా తేలింది: అక్కడ పది సెంటీమీటర్లు లేస్తే, లోయ ఇరుకు కాబట్టి, ఇక్కడ పదిహేను లేస్తుంది. ఆ రెండు అంకెలు దొరికిన రోజు నాకు ఎంత నిబ్బరంగా అనిపించిందంటే, ఇంటికొచ్చి నా భార్యకు ఆ పేజీ చూపించాను. ఆమె చూసి, "ఈత నేర్చుకుంటే ఇంతకన్నా తక్కువ రోజులు పట్టేదండీ" అంది.

నా భార్యకు ఒక్కడే తమ్ముడు. మ్యూనిక్‌లో ఉద్యోగం. తల్లికి ఆరోగ్యం బాగుండక ఆమే వాణ్ని ఎత్తుకుని పెంచింది, పదేళ్ళ తేడా. నా దగ్గర చూసి వాడికీ ఈ పిచ్చి అంటుకుంది. ఆ ఏడు వసంతంలోనే అక్కడ పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకున్నాడు. జులైలో ఒక శనివారం కోసం శుక్రవారమే మా ఇంటికి వచ్చాడు. పొద్దున మేం బయల్దేరుతుంటే నా భార్య పులిహోర డబ్బా నా చేతిలో పెట్టింది, డబ్బా మాత్రం వదల్లేదు.

"వాడికి తొందరెక్కువ. ఎలా తీసుకెళ్తున్నారో అలాగే తీసుకురండి," అంది.

"ఏంటక్కా, నన్నేమన్నా లైబ్రరీ పుస్తకంలా ఇస్తున్నావా," అన్నాడు వాడు చెప్పులేసుకుంటూ.

"పుస్తకమైతే లేటయినా తీసుకుంటారు," అంది ఆమె, నా వంకే చూస్తూ.

ఏటికి దిగే దారి మొదట్లో ఒక చిన్న హోటల్ ఉంది. ఒకరోజు చేపలు పట్టుకోవడానికి అనుమతి చీటీలు రాసిచ్చేది దాని యజమానురాలే. ఆమె చీటీలు రాస్తూ, పైన కొండ మీద ఇందాక ఉరిమిందని చెప్పింది. మా నెత్తిన మాత్రం ఎండ కాస్తోంది. నాకు తెలుసన్నట్టు తలాడించి ఫోన్ తీశాను. నా చేతి గడియారంలో రెండూ ఇరవై. గీతలో చివరి చుక్క ఒకటీ పదిహేను దగ్గర ఉంది. ఒంటిగంటకు ముప్ఫై ఒకటి, ఒకటీ పదిహేనుకు యాభై ఎనిమిది. ఒక్క పావుగంటలో ఇరవై ఏడు సెంటీమీటర్లు లేచింది. ఆ వేసవంతా ఆ గీత నేల మీద గీసినట్టు చదునుగానే ఉంది. అది లేవడం అదే మొదటిసారి. చివరి చుక్క గంట పాతది కావడం కూడా అప్పుడే గమనించాను. సైట్ ఎందుకో గంట ఆలస్యంగా నడుస్తోందనుకున్నాను, అంతే.

లెక్క తేలికే. ఒకటీ పదిహేనుకు గంటా నలభై కలిపితే రెండూ యాభై అయిదు. మరో ఇరవై నిమిషాలు జాగ్రత్తకి. మూడూ పదిహేను దాకా నీళ్ళు ముట్టుకోకూడదని వాడికి చెప్పాను. వాడు ఎండ వంకా, ఫిర్ చెట్ల వంకా, నా వంకా చూశాడు.

"ఎస్-బాన్ రైలే చెప్పిన టైంకి రావట్లేదు బావా. నీ ఏరు వస్తుందా?"

ఏటి గట్టు చేరేసరికి రెండూ యాభై. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. రాయి పెట్టాను. మేమిద్దరం నీటికి రెండు నిలువుల పైన, నడకదారి మీద కూర్చున్నాం. రెండూ యాభై అయిదుకు నేను లేచి నిలబడ్డాను. ఏమీ రాలేదు. మూడింటికీ రాలేదు. నా రాయి ఎండలో తెల్లగా ఉంది. వాడు పులిహోర తింటూ, నీళ్ళు దారిలో ఎక్కడో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరక్క ఆగిపోయినట్టున్నాయన్నాడు. నేను నవ్వలేదు. నవ్వు రాలేదు. రావాల్సింది రాకపోతే నాకు ఊపిరాడదు. మూడూ పదికి రాయి దగ్గరికి దిగి వేలుతో తాకి చూశాను. పొడిగా ఉంది.

అక్కడ నేను చేసింది ఇప్పటికీ ఒప్పుకోలేను. అంకె తప్పినప్పుడు ఎందుకు తప్పిందో తెలిసేదాకా కదలకూడదు. గోదాములో అయితే కదలను. ఆ రోజు నాకు నేనే ఒక కారణం కల్పించుకున్నాను: చిన్న వాన, కాసిని నీళ్ళు, తొమ్మిది కిలోమీటర్లలో రాళ్ళ మధ్య పల్చబడి ఇంకిపోయాయి. నా గంటా నలభై ఎప్పుడూ తప్పలేదు, కాబట్టి ఆ టైం దాటాక రాలేదంటే ఇక రాదు. మూడూ పదిహేనుకు సరేనన్నాను.

ఆ చోట ఏరు రెండుగా చీలుతుంది. మధ్యలో గులకరాళ్ళ తిప్ప, నీటికి జానెడు ఎత్తున. తిప్ప మీద ఎగువ చివర ఒక బండ, నా ఛాతీ ఎత్తు. బండకు అడ్డంగా, మోకాలి పైన, తెల్లటి రాతి చార ఉంటుంది. చార నుంచి బండ పైభాగానికి మూడు జానలు. ఇటు పాయ ఏడు అంగల వెడల్పు, మోకాలి లోతు. అటు పాయ కొండ గోడకు ఆనుకుని ఉండే లోతైన మడుగు. చేపలు లేచేది అందులోనే. ఆకు వేసి చూశాను, ఆకు నాతో సమానంగానే నడిచింది. వాడు దాటి తిప్ప మీదికి వెళ్ళి, నాకు వీపు పెట్టి, మడుగులోకి ఈగ విసరడం మొదలుపెట్టాడు. నేను ఇటు ఒడ్డునే ఉండిపోయి వాడి చెయ్యి చూస్తూ మనసులో ఒకటి, రెండు అనుకుంటున్నాను. బాగానే ఆగుతున్నాడు.

మొదట వచ్చింది వాసన. తడి మట్టి, కుళ్ళిన ఆకు. తరవాత ఫిర్ సూదులు, వందల కొద్దీ, నీటి మీద ఒక చాపలా. నా రాయి వంక చూశాను. రాయి లేదు. రాయి ఉండాల్సిన చోట నీళ్ళున్నాయి, పాలు పోసిన టీ రంగులో. గడియారం చూశాను. మూడూ యాభై ఆరు.

విజిల్ ఊదాను. వాడు తిరగలేదు. అప్పుడే వాడి గాలానికి చేప పడింది. రాడ్ వంగి ఉంది. వాడికి అది మొట్టమొదటి ట్రౌట్. ఏటి హోరు పెరుగుతోంది, హోరు కింద ఇంకో చప్పుడు, అడుగున రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు. మూడోసారి ఊదినప్పుడు తిరిగాడు. చేప పట్టుకున్న చెయ్యి పైకెత్తి నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోవడం చూశాను.

వాడు చేపను వదిలేసి ఇటు పాయలోకి కాలు పెట్టాడు. రెండడుగులకే తొడ దాకా వచ్చాయి. ఒక కొమ్మ మా మధ్య నుంచి పోయింది, నేను పరిగెత్తినా అందనంత వేగంగా. నా నియమానికి ఆకు అక్కర్లేకుండా పోయింది. వాడి అడుగు తడబడింది.

"రాకు," అని అరిచాను. "వెనక్కి పో. బండెక్కు."

వినపడిందో లేదో, నా చేతులు చూసి వెనక్కి వెళ్ళాడు. బండెక్కాడు. తిప్ప మునగడానికి ఆరు నిమిషాలు పట్టింది.

అప్పుడు తట్టింది. మూడూ యాభై ఆరు. నేను అనుకున్నది రెండూ యాభై అయిదు. తేడా గంటా ఒక నిమిషం. ఏ నీళ్ళయినా దారిలో పది నిమిషాలు ఆలస్యం కావచ్చు, అరగంట కావచ్చు, సరిగ్గా గంట కావు. సరిగ్గా గంట తేడా మనుషులు పెట్టుకున్నది. సైట్ ఆలస్యంగా లేదు. అది ఏడాది పొడుగునా చలికాలపు గంటనే చూపిస్తోంది, గడియారం మార్చుకోకుండా. నేను రాసుకున్న పదకొండు సార్లూ మార్చిలోవి, గడియారాలు మారకముందువి. ఏప్రిల్ కల్లా ఆ కొండల మీద మంచు అయిపోతుంది. మేం పుట్టిన దేశంలో గడియారానికి ఒకటే కాలం. అందరికీ మెసేజ్ పెట్టేవాణ్ని, ఆ ఒక్క గీత దగ్గర మాత్రం గంట అంటే గంటేనని నమ్మాను.

అంటే నా లెక్క సరైనదే. ఆ మాట నాకు ధైర్యం ఇవ్వాలి. ఇవ్వలేదు, ఎందుకంటే వెంటనే మిగతా లెక్క కూడా తెలిసింది. నేను చూసిన చివరి చుక్క గంట పాతది కాదు, అయిదు నిమిషాలది. యాభై ఎనిమిది అంటే నీళ్ళు అక్కడ ఆగిన చోటు కాదు, లేవడం మొదలైన చోటు. ఆ తరవాత ఎంత లేచిందో నాకు తెలియదు. ఇరవై ఏడే అయితే ఇక్కడ నలభై, బండ మీది చార కూడా తడవదు. అరవై అయితే తొంభై. అక్కడ తొంభై లేస్తే ఇక్కడ నూట ముప్ఫై అయిదు, ఇక బండే ఉండదు.

పైకెక్కి హోటల్ చేరి అగ్నిమాపక దళాన్ని పిలవడానికి నడకలో ఇరవై అయిదు నిమిషాలు, పరిగెత్తితే పదిహేను. వాళ్ళు రావడానికి మరో ఇరవై, దిగడానికి ఇంకో పది. ముప్పావుగంట. అప్పటికి ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది. నేను కనిపించకపోతే వాడు దూకుతాడు. వాడికి ఈత వచ్చు. నాకు భయం వేసింది దానికే. ఈత వచ్చినవాడు ఎదురు చూడడు.

తాడు విసిరాను. రెండు మీటర్ల దూరంలో పడింది. రెండోసారి విసిరితే వాడు దాన్ని అందుకోవడానికి ఒంటికాలి మీద ముందుకి వంగాడు. మూడోసారి విసరలేదు. తాడు చుట్టేసి వాడికి కనపడేలా కింద పెట్టేశాను.

నాలుగూ పదికి నీళ్ళు చారకు రెండు జానల కింద ఉన్నాయి. మాటిమాటికీ గడియారం చూడాలంటే వాడి మీంచి కళ్ళు తియ్యాలి. అప్పుడు పరలోక ప్రార్థన మొదలుపెట్టాను. భక్తితో అని చెప్పుకోను. చర్చిలో ఎన్నోసార్లు కొలిచాను, నా వేగంలో దానికి ఇరవై నాలుగు సెకన్లు. అయిదుసార్లు చెబితే రెండు నిమిషాలు. అయిదుసార్లు చెప్పాను. నీళ్ళు నాలుగు వేళ్ళు లేచాయి. మళ్ళీ అయిదు. మళ్ళీ నాలుగు వేళ్ళు. మూడో విడత మధ్యలో మాటలు మరిచిపోయాను. చిన్నప్పటి నుంచి రోజూ చెప్పే మాటలు.

వాడు బండ మీద నిలబడి నా వంక చెయ్యి తిప్పాడు, ఇంకెంత అని. మళ్ళీ తిప్పాడు. రబ్బరు ప్యాంటు నడుం బెల్టు విప్పడం మొదలుపెట్టాడు. ఈదబోయేవాడు చేసే మొదటి పని అది.

నీళ్ళు చారకు ఇంకా జానెడు కింద ఉన్నాయి. నేను చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపించాను. జాన కొలిచి చూపించాను. తరవాత అరచెయ్యి అడ్డంగా పెట్టి గాలిలో గీత గీశాను. ఇంకో రెండు జానలు. అక్కడ ఆగుతుంది.

ఆ రెండు ఎక్కడి నుంచీ రాలేదు. ఏ గీతలోనూ లేదు, ఏ పుస్తకంలోనూ లేదు. నా జీవితంలో లెక్క వేయకుండా చెప్పిన మొదటి అంకె అది. మూడంటే వాడు దూకుతాడు. ఒకటంటే అయిదు నిమిషాల్లో అబద్ధమని తేలుతుంది. అందుకని రెండు.

వాడు కాసేపు నన్ను చూశాడు. బెల్టు మళ్ళీ బిగించుకున్నాడు. బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, అక్క ఇంట్లో భోజనానికి కూర్చున్నట్టు.

చార మునిగింది. చార మీద జానెడు మునిగింది. అదే నేను చెప్పిన రెండో జాన. నీళ్ళు ఆగలేదు. ఒక వేలు, రెండు వేళ్ళు, నాలుగు. వాడు లేచి నిలబడ్డాడు. ఈసారి చెయ్యి తిప్పలేదు, ఊరికే చూశాడు. నేను రెండు అరచేతులూ కిందికి నొక్కి చూపించాను, ఆగింది అని. ఆగలేదు. ఆగిందని చూపిస్తూనే ఉన్నాను. నా కాళ్ళ కింద గట్టు మట్టి జారుతోంది, అయినా వాడి కళ్ళ ముందు నుంచి ఒక్క అడుగు వెనక్కి వేయలేకపోయాను. మా పిన్ని కొడుకు మొహం నాకు గుర్తు లేదు. ఆ కొద్ది నిమిషాలు మాత్రం గుర్తున్నట్టే అనిపించింది.

నాలుగున్నరకు ఒక ఎండుటాకు బండ పక్కన సుడిలో తిరుగుతూ రాతికి అంటుకుంది. నేను దాన్నే చూస్తున్నాను. అయిదు ప్రార్థనలు. ఆకు అక్కడే ఉంది. మళ్ళీ అయిదు. ఆకు రాతి మీద పొడిగా ఉంది, నీళ్ళు ఒక వేలు కిందికి దిగాయి.

నేను కూర్చుండిపోయాను.

ఎక్కినంత వేగంగా ఏరు దిగలేదు. తిప్ప బయటపడే సరికి ఏడు దాటింది. జులై కాబట్టి వెలుతురుంది. ఆకు వేసి చూశాను. నాలుగుసార్లు వేసి చూశాను. అప్పుడు తాడు విసిరాను, వాడు నడుముకు కట్టుకున్నాడు, నేను చెట్టుకు చుట్టి పట్టుకున్నాను. ఇటు ఒడ్డెక్కాక వాడు నా భుజం పట్టుకుని కాసేపు వదల్లేదు. రాడ్ కొట్టుకుపోయింది.

హోటల్ యజమానురాలు మా మొహాలు చూసి అడక్కుండానే రెండు సూప్‌లు తెచ్చింది. నేను ఫోన్‌లో గీత తెరిచాను. నూట మూడు దాకా లేచింది. కింద సన్నటి అక్షరాల్లో ఒక పంక్తి ఉంది, ఈ సమయాలన్నీ చలికాలపు కాలమానంలో అని. ఆమెకు చూపిస్తే, అది ఎప్పుడూ అంతే కదా, ఏరు గడియారం మార్చుకోదు కదా అంది, అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు. నేను సూప్ ముందు కూర్చుని వేశాను. నూట మూడులోంచి ముప్ఫై ఒకటి తీస్తే డెబ్బై రెండు. ఒకటిన్నరతో హెచ్చిస్తే నూట ఎనిమిది. చార మీద దాదాపు ఒకటిన్నర జాన. నీళ్ళు ఆగింది సరిగ్గా అక్కడే. ఆ చివరి చుక్క నాకు ముందే తెలిసుంటే నేను వాడికి రెండు కాదు, రెండున్నర చూపించేవాణ్ని.

కారులో చాలాసేపు వాడు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. బ్యోబ్లింగెన్ ఇంకా ముప్ఫై కిలోమీటర్లుందనగా అడిగాడు.

"రెండని ఎలా లెక్కేశావ్ బావా?"

చెప్పకుండా ఉండొచ్చు. వాడు అప్పటికే దాన్ని ఒక కథలా మార్చుకుంటున్నాడని గొంతులో తెలుస్తోంది. మ్యూనిక్‌లో స్నేహితులకు చెప్తాడు, మా బావ లెక్క తప్పదని. వచ్చే ఏడు నన్ను నమ్మి ఇంకో ఏటిలో దిగుతాడు.

"లెక్కెయ్యలేదురా," అన్నాను. "ఊరికే చూపించాను."

ముందు కారు ఎర్ర లైట్లు దగ్గరవుతున్నాయి, నేను వేగం తగ్గించాను.

"నువ్వు లెక్కేశావనుకునే కూర్చున్నాను," అన్నాడు. "లేకపోతే దూకేసేవాణ్ణి."

తరవాత కాసేపటికి, "అక్కకి ఇది చెప్పకు. నీళ్ళ సంగతి చెప్పు, ఈ వేళ్ళ సంగతి చెప్పకు," అన్నాడు.

నీళ్ళ సంగతి చెప్పాను. ఆమె తమ్ముడి తడి సాక్సులు చేత్తో పట్టుకుని నిలబడి అంతా విన్నది. వాడికి అన్నం పెట్టి, వాడు తిన్నంతసేపూ పక్కనే కూర్చుంది. వేళ్ళ సంగతి ఇప్పుడే ఇక్కడ రాస్తున్నాను, ఆమె చదువుతుందని తెలిసే.

అంకె తప్పితే ఏమవుతుందోనని నాకు ఎప్పుడూ భయం ఉండేది. ఆ రోజు నుంచి ఇంకో భయం తోడైంది. నేను చెప్పిన అంకె నిజమో కాదో వాడికి తెలియలేదు. నా మొహం చూసి నమ్మాడు. అదే మొహంతో, అదే చేత్తో, నేను మూడూ పదిహేనుకు సరేనని కూడా చెప్పాను.

చేపలకు వెళ్ళేటప్పుడు పెట్టుకునే గడియారాన్ని ఆ వారమే గంట వెనక్కి తిప్పాను. వేసవంతా అది నా చొక్కా జేబులో చలికాలంలోనే ఉంది. దాన్ని చూసి రెండుసార్లు ఇంటికి ఆలస్యంగా వచ్చాను, నా భార్యతో మాటలు పడ్డాను. అక్టోబరు చివరి ఆదివారం పొద్దున ఆమె స్టూలెక్కి వంటింటి గడియారం ముల్లు వెనక్కి తిప్పుతోంది. నేను జేబులోంచి నాది తీసి దాని పక్కన పట్టుకున్నాను. రెండూ కలిశాయి.

"ఇప్పుడన్నా సరిగ్గా ఉందా మీది?" అంది ఆమె స్టూలు మీద నుంచే.

మార్చి దాకా ఉంటుందని చెప్పాను. వసంతంలో ఒకసారి వస్తానని వాడు ఫోన్‌లో అంటున్నాడు. ఇంకా ఏమీ తేల్చలేదు. ఎప్పుడు వస్తావని నేనూ అడగలేదు.